క్రెడిట్ కార్డు అప్పులకి ఫ్రీ డీఎంపీ: ఎవరి దగ్గర పెట్టించుకోవాలి?

నిద్రపట్టని బాటసారి:

అందరికీ నమస్తే. తెలిసినవాళ్లు చూస్తారని కొత్త ఐడీతో రాస్తున్నా, ఏమీ అనుకోకండి.

మేముండేది ఇంగ్లండ్‌లో. నేను, మా ఆవిడ, మూడేళ్ల పాప. పాప నర్సరీ ఫీజు మా ఆవిడ జీతం కంటే ఎక్కువవుతోందని తను ఉద్యోగం మానేసింది, అక్కడ మొదలైంది. ఆ పైన వీసా పొడిగింపు వచ్చిపడింది, హెల్త్ సర్‌చార్జే పెద్దవాళ్లకి మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు, అదీ అన్నేళ్లకీ ఒకేసారి కట్టాలి కదా, చేతిలో లేక కార్డు మీద గీకాను. అది తీరకముందే ఇంకో కార్డు, దాన్ని తీర్చడానికి లోను. ఇప్పుడు మూడు క్రెడిట్ కార్డులు, ఒక పర్సనల్ లోను, ఓవర్‌డ్రాఫ్ట్, అన్నీ కలిపి 18,400 పౌండ్లు. అన్నీ నా పేరు మీదే. మినిమం పేమెంట్లు, లోను కిస్తీ కలిపి నెలకి 590 పోతోంది. అద్దె, కరెంటు, తిండి, బస్సు పాస్ తీసేస్తే నా దగ్గర నిజంగా మిగిలేది 230. మిగతాది ఎక్కడి నుంచి వస్తోందో మీకే అర్థమై ఉంటుంది, మళ్లీ కార్డే.

పోయిన వారం రాత్రి రెండింటికి నిద్రపట్టక గూగుల్‌లో ఫ్రీ డెట్ హెల్ప్ అని వెతికి, పైన మొదట కనిపించింది నొక్కి నంబరిచ్చాను. పొద్దున్న ఎనిమిదింటికల్లా ఫోన్. పది నిమిషాల్లో, నా ఖర్చులేంటో కూడా సరిగ్గా అడక్కుండానే, మీకు ఐవీఏ అనే ఒప్పందం పెట్టేస్తాం, గవర్నమెంట్ స్కీమ్, అప్పులో చాలావరకు మాఫీ అయిపోతుంది, పేస్లిప్పులు పంపండి అన్నాడు. అప్పటినుంచి రోజుకి నాలుగైదు కాల్స్. ఫ్రీ అన్నది ఫోన్ కాల్ మాత్రమేనేమో అని అనుమానమొచ్చి ఆగాను.

అసలు డీఎంపీ, అంటే డెట్ మేనేజ్‌మెంట్ ప్లాన్ (అప్పులన్నిటికీ కలిపి నెలకి కట్టగలిగినంత కట్టే ఏర్పాటు), నిజంగా ఫ్రీగా పెట్టించేవాళ్లున్నారా? ఉంటే వాళ్లకి డబ్బెక్కడిది? స్టెప్‌చేంజ్, పేప్లాన్, నేషనల్ డెట్‌లైన్ అని పేర్లు విన్నాను, వీటిలో తేడా ఏంటి? వీసాకి ఏమైనా ఇబ్బందా? ఇంకొకటి, ఇంటికి అమ్మానాన్నలకి నెలకి 150 పంపుతాను, అది ఆపమంటారా? కౌన్సిల్ టాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) కూడా రెండు కిస్తీలు తప్పాయి. దయచేసి తిట్టకండి, తిట్టుకోవాల్సిందంతా నేనే తిట్టుకున్నాను.


గట్టెక్కినవాడు:

తమ్ముడూ, ముందు ఆ పేస్లిప్పులు పంపనందుకు నీకో దండం. ఇక్కడ ఎవరూ తిట్టరు, సగం మందిమి ఆ దారిలో నడిచినవాళ్లమే, కాకపోతే బయటికి చెప్పం.

నేను 23,000 పౌండ్ల అప్పు డీఎంపీలో ఐదున్నరేళ్లు కట్టి పోయిన ఏడాది బయటపడ్డాను. కానీ నేను మొదట వెళ్లింది ఫ్రీ సంస్థకి కాదు. డబ్బులు తీసుకునే ఒక కంపెనీ, పేరు వద్దులే. డబ్బు తీసుకుంటున్నారంటే పని బాగా చేస్తారని మన బుర్రలో ఉంటుంది కదా, అలా పడ్డాను. నెలకి 38 పౌండ్లు వాళ్ల ఫీజు. 14 నెలలు కట్టాక కూర్చుని లెక్కేస్తే 532 పౌండ్లు వాళ్లకి పోయాయి, నా కార్డుల బాకీ మాత్రం అంతగా కదల్లేదు. అప్పుడు స్టెప్‌చేంజ్‌కి మారాను. అదే పని, అవే ఉత్తరాలు, అదే వాటాల లెక్క, ఫీజు సున్నా.

నీ అంకెలే తీసుకో. 18,400ని నెలకి 230 చొప్పున కడితే, వడ్డీ ఆపారనుకుంటే, 80 నెలలు. అంటే 6 ఏళ్ల 8 నెలలు. అదే 230లో 35 ఫీజు కింద పోతే అప్పుకి వెళ్లేది 195, అప్పుడు దాదాపు 95 నెలలు, 15 నెలలు ఎక్కువ. ఆ ఫీజు మొత్తం 3,300 పౌండ్లు దాటుతుంది. దేనికి? నువ్వు కట్టిన డబ్బు ఐదుగురికి పంచడానికి.

వాళ్లకి డబ్బెక్కడిది అన్నావు, ఇది మంచి ప్రశ్న, నేను మూడేళ్ల తర్వాత గానీ అడగలేదు. స్టెప్‌చేంజ్ ఒక చారిటీ, 1993లో వేరే పేరుతో లీడ్స్‌లో మొదలైంది, స్టెప్‌చేంజ్ అన్న పేరు 2012లో వచ్చింది. వాళ్లకి డబ్బిచ్చేది ఎక్కువగా మనకి అప్పిచ్చిన బ్యాంకులు, కార్డు కంపెనీలే. మనం డీఎంపీ ద్వారా కట్టినదాంట్లో కొంత శాతం అవి చారిటీకి విరాళంగా ఇస్తాయి, కానీ మన ఖాతాలో మాత్రం పూర్తిగా కట్టినట్టే రాసుకుంటాయి. పేప్లాన్ చారిటీ కాదు, ప్రైవేటు కంపెనీ, కానీ పద్ధతి అదే, డీఎంపీకి మన దగ్గర పైసా తీసుకోదు. మరి అప్పిచ్చినవాడి డబ్బుతో నడిచేవాడు మన పక్షాన ఎలా ఉంటాడని నాకూ అనిపించింది. ఉన్న మాట చెప్పాలంటే నాకు వాళ్ల వల్ల నష్టమేమీ జరగలేదు, పైగా నెలకి 300 కడతానని నేను వీరావేశంతో అంటే ఫోన్‌లో ఉన్న స్టెప్‌చేంజ్ అమ్మాయి, మీ బడ్జెట్లో పిల్లల బూట్లకీ కారు ఎంఓటీ తనిఖీకీ డబ్బు పెట్టలేదు, అవి పెట్టి మళ్లీ లెక్కేయండి అని 240కి దించింది. ఫీజు తీసుకున్న కంపెనీవాడు అలాంటిదేం అడగలేదు.

ఇంకో ముఖ్యమైన పని, ఇది ఎవరి దగ్గరికి వెళ్లేముందైనా చెయ్యి. జీతం పడే బ్యాంకులోనే ఓవర్‌డ్రాఫ్టో కార్డో ఉంటే, అస్సలు బాకీ లేని వేరే బ్యాంకులో బేసిక్ అకౌంట్ తెరిచి జీతం అక్కడికి మార్చు. లేకపోతే బ్యాంకు తన బాకీ కింద నీ జీతం లోంచి మినహాయించుకునే వీలుంది. నాకు ఒక నెల అలాగే అయింది, అద్దె కట్టాల్సిన డబ్బు పొద్దున్నే మాయం. అడిగితే నిబంధనల్లో ఉందన్నారు, ఉంది కూడా.


రచ్చబండ అక్క:

నేను ఒక సలహా కేంద్రంలో నాలుగేళ్లు వాలంటీరుగా అప్పుల కేసులు చూశాను, ఇప్పుడు మానేశాను, కాబట్టి ఇది స్నేహంగా చెప్పే మాట అనుకోండి.

బాటసారి గారూ, మీ పోస్టులో నాకు అన్నింటికంటే భయం కలిగించింది కార్డులు కాదు, చివర్లో చిన్నగా రాసిన కౌన్సిల్ టాక్స్ మాట. కార్డుల వాళ్లు రోజుకి పదిసార్లు ఫోన్ చేస్తారు కాబట్టి వాళ్లకి ముందు కడతాం, కౌన్సిల్ వాళ్లు ఒక కాగితం పంపి ఊరుకుంటారు కాబట్టి వాళ్లని వెనక్కి నెడతాం. ఇది పూర్తిగా తలకిందులు వ్యవహారం. అద్దె, కౌన్సిల్ టాక్స్, గ్యాసు, కరెంటు, కోర్టు జరిమానాలు ముందు. వీటిని ప్రయారిటీ డెట్స్ అంటారు, కట్టకపోతే ఇల్లు పోవడమో, కరెంటు ఇబ్బందో, బెయిలిఫ్‌లు (బాకీ కింద సామాను జప్తు చేసేవాళ్లు) రావడమో జరుగుతుంది. కౌన్సిల్ టాక్స్‌కి రిమైండర్ వచ్చాక వారంలో కట్టకపోతే ఆ ఏడాదికి మిగిలిందంతా ఒక్కసారే కట్టమనొచ్చు, తర్వాత మేజిస్ట్రేట్ కోర్టులో లయబిలిటీ ఆర్డర్ (మీరు బాకీ అని కోర్టు ఇచ్చే ఉత్తర్వు), ఆ తర్వాత బెయిలిఫ్. రేపు పొద్దున్నే కౌన్సిల్‌కి మీరే ఫోన్ చేసి, రెండు కిస్తీలూ మిగతా నెలల్లో సర్ది కడతానని అడగండి. బెయిలిఫ్ దాకా పోకముందు అడిగితే చాలామటుకు ఒప్పుకుంటారు.

కార్డుల కోసం ఫోన్లు చేసే కలెక్షన్ ఏజెన్సీ వాడు బెయిలిఫ్ కాదు, ఇది గుర్తుపెట్టుకోండి. వాడికి మీ ఇంట్లోకి వచ్చే హక్కు లేదు, మీ సామాను ముట్టుకునే హక్కు లేదు.

ఇక ఐవీఏ. అది గవర్నమెంట్ ఇచ్చే సాయం కాదు, చట్టం కింద జరిగే దివాలా తరహా ఒప్పందం. మామూలుగా 5, 6 ఏళ్లు. ఓటు వేసిన అప్పులవాళ్లలో, బాకీ విలువ ప్రకారం, 75 శాతం ఒప్పుకుంటే అందరికీ వర్తిస్తుంది. మీ పేరు ఇన్‌సాల్వెన్సీ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, ఎవరైనా చూడొచ్చు. ఫీజులు వేల పౌండ్లలో ఉంటాయి, మీరు కట్టే కిస్తీల్లోంచే పోతాయి. మధ్యలో కట్టలేక ఆగితే మళ్లీ మొదటికి రావచ్చు, అప్పటిదాకా కట్టినదాంట్లో చాలావరకు ఫీజుల కిందే పోయి ఉంటుంది. ఐవీఏ చెడ్డదని కాదు, కొందరికి అదే సరైన దారి, నేనే రెండు మూడు కేసుల్లో సరే అన్నాను. కానీ ఖర్చులు అడక్కుండా పది నిమిషాల్లో ఐవీఏ అన్నాడంటే వాడు మిమ్మల్ని ఎవరికో అమ్ముతున్నాడు. అలా కేసులు పంపి కమిషన్ తీసుకునే డెట్ ప్యాకేజర్ కంపెనీలకి ఆ డబ్బు అందకుండా 2023 అక్టోబరులో ఎఫ్‌సీఏ (ఇక్కడి ఆర్థిక కంపెనీల మీద నియంత్రణ సంస్థ) నిషేధం పెట్టింది, అయినా పేర్లు మార్చుకుని ప్రకటనలు ఇచ్చేవాళ్లు పోలేదు. చారిటీల పేరుకి దగ్గరగా ఉండే పేర్లతో గూగుల్లో పైన కనిపిస్తారు. ప్రకటన అని చిన్నగా రాసి ఉన్నదాన్ని నొక్కకండి, అడ్రసు మీరే టైపు చేయండి, లేదా మనీహెల్పర్ అనే ప్రభుత్వ సైటులో ఉచిత సలహాదారుల జాబితా ఉంటుంది, అక్కణ్ణుంచి వెళ్లండి.

సంస్థల్లో తేడా అడిగారు. నేషనల్ డెట్‌లైన్ సలహా ఇస్తుంది, ఉత్తరాల నమూనాలు ఇస్తుంది, మీ డబ్బు పంచే పని మాత్రం తను చేయదు. సిటిజెన్స్ అడ్వైస్ వాళ్లు ఎదురుగా కూర్చుని మాట్లాడతారు, కాగితాల గుట్ట ఉన్నవాళ్లకి అదే మేలు, కానీ అపాయింట్‌మెంట్ దొరకడానికి ఓపిక కావాలి. క్రిస్టియన్స్ అగెయిన్‌స్ట్ పావర్టీ అని ఒకటుంది, పేరు చూసి వెనకాడకండి, ఏ మతం వాళ్లకైనా చేస్తారు. స్టెప్‌చేంజ్, పేప్లాన్ సలహాతో పాటు డీఎంపీ కూడా నడుపుతాయి. ఈ రెండింట్లో ఏది అని గంటలు గంటలు ఆలోచించకండి. ఆన్‌లైన్‌లో నింపుకోవడమో ఫోన్‌లో చెప్పుకోవడమో, మీకు ఎక్కడ తేలికనిపిస్తే అక్కడ, అంతే.

ఎవరితో మాట్లాడినా మూడు సంగతులు కనిపెట్టండి. నా పరిస్థితికి ఉన్న దారులన్నీ చెప్పారా, లేక ఒక్కటే చెప్పారా? నెలనెలా నేను కట్టేదంతా అప్పులకే పోతుందా? ఎఫ్‌సీఏ రిజిస్టర్‌లో ఆ పేరు, ఆ నంబరు సరిపోలాయా? మూడోది ఐదు నిమిషాల పని, అదే ఎవరూ చేయరు.

ఇంకోటి, బ్రీదింగ్ స్పేస్ అని 2021 మే నుంచి ఇంగ్లండ్, వేల్స్‌లో ఉంది. సలహాదారు దరఖాస్తు పెడితే 60 రోజుల పాటు ఆ అప్పులమీద వడ్డీ, పెనాల్టీలు, కోర్టు చర్యలు ఆగుతాయి, ఫోన్లూ ఆగుతాయి. మీరు సొంతంగా పెట్టుకోలేరు. ఆ 60 రోజుల్లో అద్దె, నడుస్తున్న బిల్లులు కట్టాల్సిందే. 12 నెలల్లో ఒక్కసారే దొరుకుతుంది కాబట్టి, డీఎంపీ కాగితాలన్నీ సిద్ధం చేసుకునే సమయంలో వాడుకుంటే మంచిది. డీఆర్వో, అంటే డెట్ రిలీఫ్ ఆర్డర్ అని, దాదాపు ఏమీ మిగలనివాళ్లకి అప్పు మాఫీ చేసే ఇంకో పద్ధతి ఉంది, 2024 నుంచి 90 పౌండ్ల ఫీజు తీసేశారు, అప్పు పరిమితి 50,000కి పెంచారు, కానీ నెలకి 75 పౌండ్ల కంటే ఎక్కువ మిగిలితే కుదరదు. మీకు 230 మిగులుతోంది కాబట్టి అది మీకు కాదు. ఇది చదివే ఇంకెవరికైనా పనికొస్తుందని రాశాను.


లెక్క తేలాలి:

అందరూ ఆ సంస్థ ఈ సంస్థ అంటున్నారు, నాకర్థం కాదు, ఐదుగురికి ఐదు ఉత్తరాలు రాసి ప్రతి నెలా ఐదు స్టాండింగ్ ఆర్డర్లు పెట్టుకోవడానికి మధ్యలో మనిషెందుకు? నేను సొంతంగా చేశాను. ఆదాయం, ఖర్చుల పట్టిక ఒకటి తయారుచేసి, మొత్తం బాకీలో ఒక్కొక్కరి వాటా ఎంత శాతమో అంత పంచడమే. బాటసారి, 6,000 బాకీ ఉన్న కార్డుకి నీ 230లో 75 వస్తుంది, అంతే లెక్క, రాకెట్ సైన్సు కాదు. అదీ కాకపోతే ఊళ్లో బంగారం తాకట్టు పెట్టి ఒక్కసారే ఇక్కడిది తీర్చేయొచ్చు, ఇక్కడ కార్డుల వడ్డీతో పోలిస్తే అదెంత?


గట్టెక్కినవాడు:

సొంతంగా చేయొచ్చు, తప్పేం లేదు. నేషనల్ డెట్‌లైన్ ఉత్తరాల నమూనాలు అందుకే పెట్టింది. కానీ ఫోన్ మోగితేనే గుండె జారిపోయే స్థితిలో ఉన్నవాడికి నువ్వే ఐదుగురితో బేరమాడు అనడం, ఈత రానివాడికి కాలవ వెడల్పు తక్కువేలే అనడం లాంటిది. నాకైతే మధ్యలో ఒకళ్లు ఉన్నారన్న ధైర్యమే సగం పని చేసింది. రాత్రి రెండింటికి గూగుల్ చేసేవాడికి ఆ ధైర్యం అవసరం అన్నా.

బంగారం మాటకి మాత్రం నేను గట్టిగా వద్దంటాను. ఇక్కడి కార్డు బాకీ తాకట్టు లేని అప్పు, కట్టలేకపోతే పోయేది క్రెడిట్ రేటింగ్. దాన్ని తీసుకెళ్లి అమ్మ మెళ్లో గొలుసు మీదికి మారిస్తే, రేపు ఇక్కడ ఉద్యోగం ఊగిసలాడితే పోయేది ఆ గొలుసు. పైగా నెలకి 230 కట్టగలిగినవాడు అక్కడ ఎంత కట్టగలడు, రూపాయి మారకం సంగతేంటి, ఇదంతా ఎవరు చూస్తారు.


లెక్క తేలాలి:

గొలుసు మాట ఒప్పుకుంటా, అంత దూరం ఆలోచించలేదు. సొంతంగా చేయడం మాత్రం నేను చెప్పినదే రైటు, వీలైతే.


నిద్రపట్టని బాటసారి:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, పొద్దున్నుంచి మూడుసార్లు చదివాను. అక్కా, కౌన్సిల్‌కి ఫోన్ చేశాను, నలభై నిమిషాలు హోల్డ్‌లో పెట్టారు కానీ ఎత్తినావిడ మంచిగానే మాట్లాడింది, బాకీని మిగిలిన నెలల్లో సర్దారు. ఇంత తేలిగ్గా అయ్యే పనికి రెండు నెలలు భయపడ్డాను.

ఇంకో విషయం దాచాను. పై 18,400 కాక, ఒక ఫ్రెండ్ దగ్గర 2,000 చేబదులు తీసుకున్నాను. కాగితం లేదు. అది డీఎంపీలో చూపించాలా? వాడికి ముందు ఇచ్చేసి మిగతాది మొదలుపెడదామనుకుంటున్నా, మొహం చూపించలేకపోతున్నాను. ఇంటికి పంపే 150 సంగతి ఎవరూ చెప్పలేదు. డీఎంపీలో ఉంటే బ్యాంకులు వడ్డీ ఆపుతాయని గ్యారంటీ ఉందా?


రచ్చబండ అక్క:

గ్యారంటీ లేదు. డీఎంపీ చట్టబద్ధమైనది కాదు, రెండు వైపులా ఒప్పుకోలు మాత్రమే. చాలామంది ఆపుతారు లేదా తగ్గిస్తారు, ఒకరిద్దరు మొండికేస్తారు, కొన్ని నెలలు కడుతున్నది చూశాక వాళ్లూ దిగొస్తారు, నేను చూసినంతలో. అదే స్కాట్లండ్‌లో ఉండి ఉంటే డెట్ అరేంజ్‌మెంట్ స్కీమ్ అని చట్టబద్ధమైన పద్ధతి ఉంది, అందులో వడ్డీ ఆగిపోతుంది. ఇంగ్లండ్‌లో డీఎంపీకి అలాంటి కట్టుబాటు లేదు. చట్టబద్ధం కాకపోవడంలో మంచి కూడా ఉంది, రేపు మీ ఆవిడ మళ్లీ ఉద్యోగంలో చేరిందంటే మీరు కిస్తీ పెంచుకోవచ్చు, ఇష్టం లేకపోతే బయటికి రావచ్చు, ఎవరూ కట్టిపడేయరు.

ఒకవేళ ఎవరైనా కోర్టుకి వెళ్లి క్లెయిం ఫారం పంపితే, దాన్ని డ్రాయర్లో పడేయకండి. జవాబివ్వడానికి 14 రోజులే ఉంటాయి. ఆ రోజే మీ సంస్థకి చెప్పండి.

స్నేహితుడి చేబదులు దాచకండి. అది కూడా అప్పే, జాబితాలో రాయాలి. వాడికి ఒక్కడికే మొత్తం ముందు ఇచ్చేస్తే మిగతావాళ్లు మాకెందుకు తక్కువ అంటారు, పైగా ఏదో ఒక రోజు డీఎంపీ కుదరక డీఆర్వోకో దివాలాకో వెళ్లాల్సి వస్తే, తెలిసినవాళ్లకి ముందుగా కట్టినవాటిని వెనక్కి తిరిగి చూస్తారు, అదొక తలనొప్పి. స్నేహితుడికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పండి. మొహం చాటేసినవాడి కంటే నెలకి పాతిక పంపేవాడు నయం అని ఏ స్నేహితుడైనా అనుకుంటాడు. అనుకోకపోతే అదీ తెలుస్తుంది.


చలికోటు:

ఇంటికి పంపే డబ్బు గురించి నేను చెప్తాను, నాదీ ఇదే కథ. బడ్జెట్ నింపేటప్పుడు కుటుంబానికి సాయం అని నెలకి 120 రాశాను. ఫోన్‌లో ఉన్నాయన ఎందుకు, ఎవరికి, ఆపితే ఏమవుతుంది అని అడిగాడు. నాన్నకి షుగర్ మందులు, పెన్షన్ లేదు అని చెప్పాను, ఉంచేశాడు, కానీ అప్పులవాళ్లు ప్రశ్నించొచ్చు అని ముందే చెప్పాడు. ఒక బ్యాంకు ప్రశ్నించింది కూడా. చివరికి 80కి తగ్గించుకున్నాను. దాచి పంపే బదులు రాసి పంపడం నయం, ఎందుకంటే దాస్తే ఆ డబ్బు తిండి ఖర్చులోంచే పోతుంది, మూడో నెలకే ప్లాన్ తప్పుతుంది. మరి ఇంట్లో ఎలా చెప్పావు అంటే, నాన్నకి చెప్పలేదు, అక్కకి చెప్పాను, తను మిగతాది చూసుకుంది.

వీసా గురించి నాకు తెలిసినది. కార్డు బాకీ ఉందని స్కిల్డ్ వర్కర్ వీసా పొడిగింపు ఆపే రూల్ లేదు. ఎన్‌హెచ్ఎస్‌కి (ప్రభుత్వ వైద్యానికి) 500 పౌండ్లు, ఆపైన బాకీ ఉంటే మాత్రం అడ్డం రావచ్చు, అది వేరే సంగతి. పౌరసత్వం దగ్గర మంచి నడవడి చూసేటప్పుడు డబ్బు వ్యవహారాలూ చూస్తారు, కానీ అప్పు తీర్చడానికి సరిగ్గా ప్రయత్నిస్తున్నవాణ్ణి అప్పుందన్న ఒక్క కారణంతో మామూలుగా కాదనరు. దివాలా తీసినా, కౌన్సిల్ టాక్స్ కావాలని ఎగ్గొట్టినా అక్కడ ప్రశ్న వస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం. ఆన్‌లైన్ ఫారంలో మీకు ఈ బెనిఫిట్లు రావచ్చు, అప్లై చేయండి అని వస్తుంది, అది మన వీసా సంగతి తెలియని మిషను. పబ్లిక్ ఫండ్స్ (ప్రభుత్వం ఇచ్చే ఆర్థిక సాయాలు) వద్దని మీ వీసా మీద ఉంటే కౌన్సిల్ టాక్స్ రిడక్షన్, చైల్డ్ బెనిఫిట్ లాంటివి పెట్టకండి. అప్పుల సలహా తీసుకోవడం, డీఎంపీ, బ్రీదింగ్ స్పేస్ ఇవేవీ పబ్లిక్ ఫండ్స్ కిందికి రావు. సలహాదారుకి మీ వీసా ఏంటో మొదటి వాక్యంలోనే చెప్పేయండి.


గట్టెక్కినవాడు:

క్రెడిట్ ఫైలు గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే. పాడవుతుంది, అందులో దాపరికం లేదు. కానీ ఎలా పాడవుతుందో ముందే తెలిస్తే మంచిది. ఖాతాకి డీఫాల్ట్ (ఒప్పందం ప్రకారం కట్టలేదని అప్పిచ్చినవాడు పెట్టే గుర్తు) పడితే, ఆ తేదీ నుంచి 6 ఏళ్లకి ఫైలులోంచి పోతుంది, అప్పటికి బాకీ మొత్తం తీరకపోయినా సరే. డీఫాల్ట్ వేయకుండా ఒప్పందం మీద కడుతున్నాడు అని ఏళ్ల తరబడి గుర్తు పెడుతూ పోతే, ఆ గుర్తులు బాకీ తీరాక కూడా చాలాకాలం ఉంటాయి. నాకు ఒక కార్డువాడు జాలిపడ్డట్టు డీఫాల్ట్ వేయలేదు, మిగతావి ఎప్పుడో శుభ్రమయ్యాయి, ఆ ఒక్కటే ఇంకా కనిపిస్తోంది. అప్పుడు తెలిసుంటే డీఫాల్ట్ వేయమని నేనే రాసేవాణ్ణి. నువ్వు ఇప్పటికే మినిమం కట్టలేని స్థితిలో ఉన్నావు కాబట్టి తొందరగా పడితేనే నయం.

మీ ఆవిడ సంగతి, ఆమెకి నీ కార్డు మీద అదనపు కార్డు మాత్రమే ఉంటే బాకీ ఆమెది కాదు. జాయింట్ అకౌంట్‌లో ఓవర్‌డ్రాఫ్ట్ ఉంటే మాత్రం ఇద్దరిదీ, ఎవరినైనా మొత్తం అడగొచ్చు. నువ్వు అన్నీ నా పేరే అన్నావు, అయినా ఒకసారి చూసుకో.


నిద్రపట్టని బాటసారి:

చూశాను, ఓవర్‌డ్రాఫ్ట్ జాయింట్ అకౌంట్‌దే. నా పేరే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లూ. ఇక ఆవిడకి చెప్పక తప్పలేదు, నిన్న రాత్రి పాప పడుకున్నాక కాగితాలన్నీ బల్లమీద పరిచాను. నాకు తెలుసు అంది. మొత్తం తెలియదు కానీ సగం తెలుసట, పోస్టులో ఉత్తరాలు తనే కదా తీసేది.

కొత్త బ్యాంకులో బేసిక్ అకౌంట్‌కి అప్లై చేశాం, వచ్చే నెల జీతం అందులో పడుతుంది. ఈరోజు మధ్యాహ్నం స్టెప్‌చేంజ్ సైటులో బడ్జెట్ ఇద్దరం కలిసి నింపాం, నాకు తోచని ఖర్చులు తను ఐదారు చెప్పింది, 230 కాస్తా 195 అయింది. అంటే దాదాపు 95 నెలలు, ఇప్పుడిప్పుడే లెక్కేశాను. ఇంటికి పంపేది 100 అని రాశాం. బ్రీదింగ్ స్పేస్ గురించి మాట్లాడటానికి గురువారం పదింటికి ఫోన్ అపాయింట్‌మెంట్ ఉంది. ఆ ఐవీఏ వాడి నంబరు బ్లాక్ చేశాను, ఇంకో నంబరు నుంచి చేస్తున్నాడు.


లెక్క తేలాలి:

ఎఫ్‌సీఏ రిజిస్టర్‌లో వాడి పేరు కొట్టి చూశావా?


నిద్రపట్టని బాటసారి:

చూశాను అన్నా. లేదు.